అరవై తొమ్మిది

డబ్బా మీద ఒక టీబీ అని అచ్చు.
వైరు తగిలిస్తే తెర మీద
తొమ్మిది వందల ముప్పై ఒక్క జీబీ.

ఆదోని షరాఫ్ బజార్లో నా ఫోటోల అంగడి.
కరెంటు పోయి వచ్చిన మధ్యాహ్నం.
స్టూలు మీద ఉరుకుందప్ప,
మార్కెట్ యార్డులో ముప్పై నాలుగేళ్ళు
పత్తి బోరేలు తూచిన కాటా మనిషి.
ఒళ్ళో సిమెంటు సంచి,
సంచి నిండా నోటు పుస్తకాలు.

అద్దాలు పైకి నెట్టి అంకె చదివినాడు.
"వెయ్యి అని చెప్పి అమ్మినారు గదా పర్వీనమ్మా,
తక్కిన అరవై తొమ్మిది యాడికి పాయ?
దీంట్లో గూడా తరుగు తీసినారా?"

నేను నవ్వలేదు.
ఆ మాట ఆయన నోట్లో
నా వయసు కంటే ఎక్కువ కాలం నలిగింది.

కొలతలు మార్చే సాఫ్టువేరు తెరిచినాను.
ఎడమ గడిలో టీబీ, కుడి గడిలో బైట్లు.
ఒకటి కొట్టినాను.
కుడి గడిలో ఒకటి, దాని వెనకాల
సంచి మూతి కుట్టినట్లు పన్నెండు సున్నాలు.
"ఇవీ కంపెనీ ఇచ్చిన గింజలు తాతా.
ఒక్కటి తగ్గలేదు."

"మరి?"

"కంపెనీ వెయ్యి గింజలకే ఒక కేబీ అంటుంది.
కంప్యూటరు వెయ్యిన్నీ ఇరవై నాలుగు పడితే గానీ ఒప్పుకోదు."

"ఆ ఇరవై నాలుగు యాడిది?"

ఇంటర్లో చదివింది ఎప్పుడో మరిచిపోయినాను.
"ఒకటి నుంచి రెండింతలు చేసుకుంటా పో,
పది సార్లు" అన్నాను.

ఆయన వేళ్ళు మడవడం మొదలుపెట్టినాడు.
రెండు చటాకులు అరపావు.
రెండు అరపావులు పావు.
రెండు పావులు అచ్చేరు.
అచ్చేర్లు రెండు సేరు.
అక్కడికి పేర్లు అయిపోయినాయి,
ఇంకా ఆరు వేళ్ళు నిలబడి ఉన్నాయి.
ముప్పై రెండు, అరవై నాలుగు,
పెదాలు మాత్రమే కదులుతున్నాయి,
ఐదు వందల పన్నెండు.
చివరికి కాటా కొక్కెం కింద నలిగిన చిటికెన వేలు,
దాన్ని రెండో చేత్తో పట్టి వంచాల్సొచ్చింది.
వెయ్యిన్నీ ఇరవై నాలుగు.

"ఓర్నీ! ఇది మా నాయన సేరు లెక్కే.
కిలోరాళ్ళు వచ్చినప్పుడు గూడా
జనం అంగళ్ళ ముందర ఇట్లే కొట్లాడినారంట."

కేబీ దగ్గర నూటికి రెండు,
ఎంబీ దగ్గర నాలుగున్నర,
జీబీకి వచ్చేసరికి ఏడు.
నేను ఒక్కో గడీ మార్చి చూపిస్తుంటే
"పెద్ద మూటకు పెద్ద తరుగు" అన్నాడు తనలో తాను.

"తరుగు కాదు తాతా, పేరు మారింది, అంతే.
ఏమీ పోలేదు."

బాణం గుర్తు నొక్కితే గడులు తారుమారయినాయి.
పన్నెండు సున్నాలు పోయి మళ్ళా ఒకటి.
"ఇంకోసారి నొక్కు" అన్నాడు.
నొక్కినాను.
ఇంకోసారి.
పోయింది పోయినట్లే తిరిగి రావడాన్ని
నాలుగు సార్లు చూసినాడు.

అప్పుడు సంచి విప్పినాడు.

ప్రతి పేజీకీ రెండు గళ్ళు.
ఎడమ గడిలో నీలం సిరా, కాటా చెప్పింది.
కుడి గడిలో ఎర్ర సిరా, చీటీలో రాయమన్నది.
హొళగుంద ఈరమ్మ, నూట పన్నెండు, నూట ఏడు.
కోసిగి నరసన్న, తొంభై నాలుగు, తొంభై.
కౌతాళం, పేరు తడిసి చెరిగింది, అంకెలు చెరగలేదు.
"పోయింది ఈడ పోయింది పాపా" అన్నాడు,
వేలు రెండు గళ్ళ నడుమ గీత మీద పెట్టి.
"నా చేత్తోనే రాసినా."

నాలుగు రోజులు పట్టింది స్కాను చేయడానికి.
కొన్ని పేజీల్లో పత్తి నూగు ఇంకా ఉంది,
అద్దం తుడిచి తుడిచి పెట్టినాను.

"మొత్తం ఎంతయింది?"
జీబీ ఒకటీ ముప్పావు.
టీబీలోకి మార్చమన్నాడు.
సున్నా, చుక్క, రెండు సున్నాలు, ఒకటి, ఏడు.
"ఇంత డబ్బాలో
ముప్పై నాలుగేళ్ళు చటాకు గూడా కాలేదే!"
కోపమో సంబరమో తెలియలేదు నాకు.

"ఫోల్డరుకు పేరేం పెట్టను?"
"తరుగు అని పెట్టు."
పెట్టినాను.
"ఆ పేరు బరువెంత?" అన్నాడు.
నాకూ తెలియదు, చూసి చెప్పినాను.
పదిహేను బైట్లు.

"పద్నాలుగని రాసుకో" అన్నాడు.

అప్పుడు ఇద్దరమూ నవ్వినాము.